ఊపిరి బిగబట్టిన మనిషి

1962. విడపనకల్లు దగ్గర ఒక పల్లె. కిటికీలకు కంబళ్లు కట్టిన బడి గదిలో, పశువుల డాక్టరు తాను తీసిన కరువు సినిమాను చేత్తో తిప్పే యంత్రం మీద ఒక ముసలామెకు చూపిస్తున్నాడు.

“అదిగో అవ్వా, మీ ఆయన.”

“ఎద్దు తోక ఊపుతాండాది. ఈయప్ప కదలడేంది సామీ?”

“ఫోటో అనుకున్నాడవ్వా. నడువు పెద్దాయనా అంటే వినలేదు.”

“మా పెండ్లి ఫోటో తీసినోడు కదిలితే చెడిపోతాదని బెదిరించినాడు. ఇంగా మర్చిపోలేదు చూడు.”

“ఎద్దుకు మందు పోయనీకొచ్చి, మిగిలిన ఒక్క రీలూ దీనికే పెడితినే అని కోపమొచ్చింది నాకు. మళ్లీ తీద్దామంటే ఆయన పోయినాడు. మనిషి కదలని ఈ ముక్క కత్తిరించమన్నారు మద్రాసులో సినిమావాళ్లు. అంతలోపల నీకు చూపిద్దామని తెచ్చినా.”

“ఉండు. ఊపిరి వదిలినాడు. నవ్వుతాండాడు.”

“కెమెరా ఆగిపోయిందనుకున్నాడు.”

“పానం పోయేటప్పుడు నేను శెనక్కాయ చేన్లో ఉంటి సామీ. పక్కన ఎవరూ లేరు.”

“కత్తిరించనులే అవ్వా.”

“ఇంగోసారి తిప్పు, మెల్లగా. ఊపిరి వదిలేదాంకా ఈసారి నేనీడనే ఉంటా.”