ఇంగ్లీషులో రాసిన అలసట

కోరుట్లలో మందుల దుకాణం నడిపే అస్లం చేతికి, బీడీలు చుట్టే బాలవ్వ డాక్టరు చీటీ ఇచ్చింది.

"తమ్మీ, డాక్టరు ఏదో రోగం పేరు రాసిండు. పెద్దదేనా?"

"ఫెటీగ్ అని రాసిండు అక్కా. అంటే అలసట. పదిహేను దినాలు బీడీలు చుట్టద్దని సుత రాసిండు."

"గంతేనా! ఇప్పుడు నా పానం నిమ్మలపడ్డది."

"ఇంట్లోళ్లకు తెల్వాలె గదా, కింద తెలుగుల రాసియ్యాల్నా?"

బాలవ్వ గబుక్కున చీటీ లాక్కుంది.

"వద్దు తమ్మీ! అలసిపోయిన అని తెలుగుల చెప్పవట్టి పదేండ్లాయె, మా ఇంట్ల ఒక్కలు సుత ఇనలే. గీ ఇంగ్లీషు పేరు జూస్తే రేపటి సంది నన్ను బీడీల చాట ముట్టనియ్యరు."