అత్త పేరు

ఆసుపత్రి గదిలో అత్త, నిద్రలేని కళ్లతో మనవరాలి పొత్తిగుడ్డలు మడతపెడుతోంది.

“పాపకు మీ పేరే పెడదామత్తయ్యా. సాబిరా.”

“వద్దు తల్లీ.”

“ఎందుకు? ‘సబర్’ లోంచి వచ్చిందటగా, ఓర్పు గలదని. ఎంత మంచి అర్థం!”

“అర్థం నాకు తెలీకనా? మీ మామ చెయ్యి చేసుకున్నాడని పుట్టింటికెళ్తే, పేరు నిలబెట్టుకోవే అని మా అమ్మ వెనక్కి పంపింది. ఆనక మా అన్నయ్యా అదే మాట. ఆ పేరు నిలబెట్టేసరికి నా నడుం వంగిపోయింది.”

ఇంతలో పాప గుక్కపట్టి ఏడ్చింది.

“ఊరుకో బంగారం, ఊరుకో” అంటూ కోడలు కంగారుగా ఒళ్లోకి తీసుకుంది.

“పాలివ్వు గానీ, ఊరుకోమనకు” అంది అత్త. “ఏడవనీ. దానికింకా ఏ పేరూ పెట్టలేదుగా.”