ఎడమ పలకకు నీళ్లు

పరీక్ష కోసం పోసిన రెండు కాంక్రీటు పలకల దగ్గర ఇంజినీరైన కోడలు గొంతుక్కూర్చుని వేలితో అంచు తడుముతోంది. మేస్త్రీ మామగారు నీళ్ల గొట్టం చుట్టలు చుడుతూ అటు తిరిగి నిలబడ్డారు.

“మామయ్యా, ఈ ఎడమ పలక తడిగా ఉందేంటి?”

“మంచు కురిసిందేమో.”

“ఒక్కరోజు మంచుకే అంచంతా నాచు పట్టిందా?”

మామగారు గొట్టాన్ని ఇంకో చుట్ట చుట్టారు.

“కుడిదానికి రోజూ నీళ్లు పెట్టమన్నాను. సూక్ష్మజీవులు కలిపిన ఈ ఎడమదానికి మూడు రోజులే అన్నాను. ఆ తర్వాత పగుళ్లొస్తే ఆ సూక్ష్మజీవులే సున్నం కట్టి పూడుస్తాయో లేదో చూడాలి కదా! ఎప్పట్నుంచి తడుపుతున్నారు?”

“నాలుగో రోజు నుంచి.”

“ఇవాళ ఇరవయ్యో రోజు!”

“నలభై ఏళ్లుగా పోసిన ప్రతి స్లాబుకీ నా చేత్తో నీళ్లు పెట్టానమ్మాయ్. పక్కదానికి పెట్టి దీన్ని ఎండగడితే, ఒక బిడ్డకి అన్నం పెట్టి ఇంకోదాన్ని పస్తుంచినట్టు ఉంది. మనసొప్పలేదు.”

“ఇరవై రోజుల పని గంగలో కలిసింది.”

“తప్పు నాదే. ఇంక మానేస్తావా?”

“మానడమా? బోర్లన్నీ ఎండిపోతుంటే రేపు ఇళ్ల స్లాబులకి నీళ్లెక్కణ్నుంచి తెస్తాం? ఇవాళే మళ్లీ పలకలు పోద్దాం.”

“అయితే మధ్యాహ్నంలోగా కాంక్రీటు మాల్ కలిపేస్తాను. ముందు ఈ గొట్టం తీసుకెళ్లి నీ గదిలో పెట్టి తాళం వేసుకో. కుడిదానికి నువ్వే వచ్చి పెట్టు.”

“ఎందుకు మామయ్యా, మీ మీద నాకు నమ్మకముంది.”

“నాకు లేదు. పట్టు.”