మేబెల్‌కి చెమటలు పట్టిన రోజు

వేల్స్ కొండల మీద, పొగమంచులో, దారి పక్కన ఆగిపోయిన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు, మేబెల్. బానెట్ ఎత్తి ఎమ్లిన్ చెయ్యి చాచబోతే, కోడలు నెస్టా ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దు మామయ్యా, ఆ నీళ్ళ ట్యాంకు మూత ముట్టుకోవద్దు!”

“గుడ్డ చుట్టానమ్మా.”

“గుడ్డ ఏం ఆపుతుంది? లోపల సలసలా కాగుతోంది. తీశారంటే మొహమ్మీదికి ఎగజిమ్ముతుంది. వేడి మీద మూత తియ్యకూడదని నాకు చెప్పింది మీరే కదా?”

“చెప్పాను. కడుపుతో ఉన్న పిల్లని పెట్టుకుని ఈ కొండ మీద ఇరుక్కుంటానని తెలిసి చెప్పానా?”

“చల్లారనివ్వండి.”

“ఫోను?”

“సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.”

“గొర్రెలు తప్ప నరమానవుడు లేడు. నీ మొగుడు ఓడ ఎక్కేముందు ఒకే ఒక్క మాట అన్నాడు. ‘నాన్నా, నెస్టాని మాత్రం ఆ డబ్బాలో ఎక్కించకు.’ ఒక్క మాట!”

“డబ్బా అనకండి, మేబెల్ వింటుంది.”

“నవ్వకు తల్లీ. ఆసుపత్రిలో నీకోసం చూస్తుంటారు.”

“మామూలు చెకప్పే కదా. ఆలస్యమైతే నర్సమ్మ నాలుగు తిడుతుంది. అంతే.”

“కింద రోడ్డున పోతే ఈపాటికి ఆసుపత్రిలో ఉండేవాళ్ళం. నేనే, వెధవ షోకు... కొండ ఎక్కించి చూపిద్దామని...”

“స్... ఆ...”

“ఏమైంది?”

“ఏం లేదు. నడుము. దీని సీటు నేలకి ఆనినట్టు ఉంటుంది కదా.”

“ఇందాక కూడా నడుమే అన్నావు.”

“ఇందాక కూడా ఇదే సీటు.”

“నెస్టా, పోయినసారి కడుపుతో ఉన్నప్పుడు కూడా నువ్వు నొప్పి ఎవరికీ చెప్పకుండా...”

“పోయినసారి సంగతి ఎత్తొద్దు మామయ్యా.”

“ఎత్తను. ఎత్తనులే. ఇంకా నెలలు నిండలేదు కదా, అందుకని...”

“అందుకే ఇది ఉత్త నడుం నొప్పే. ఆ గొట్టం పట్టుకుని చూడండి, చల్లబడిందేమో.”

“ఆఁ, చెయ్యి ఆనుతోంది. ఇప్పుడు తియ్యచ్చు. నువ్వు దూరం జరుగు. ఇంకా దూరం!”

“మీ మొహం పక్కకి తిప్పండి. కొంచెమే తిప్పి ఆగండి.”

“బుస్సుమంటోంది... ఉండు... పోయింది ఆవిరి. అమ్మయ్య.”

“ఎంతుంది?”

“కింది గీతకి ఎంతో కింద. గొంతెండిపోయింది పాపం దీనికి. డిక్కీలో ఇంజను చల్లబరిచే కూలెంట్ సీసా ఉండాలి, అందుకో. వద్దొద్దు, వంగకు! నేనే తెస్తా.”

“సగమే ఉందేం?”

“చాలదు. నీళ్ళు కలపాలి.”

“నా నీళ్ళ సీసా తీసుకోండి.”

“అది నీకు.”

“నాకు ఫ్లాస్కులో టీ ఉంది. పొయ్యండి మామయ్యా! చీకటి పడితే ఈ మంచులో దారి కూడా కనపడదు.”

“తొందరపెట్టకు. వేడి ఇనుము మీద చన్నీళ్ళు గబుక్కున పోస్తే పగిలి ఊరుకుంటుంది. మెల్లిగా... మెల్లిగా... ఎందుకలా పళ్ళు బిగించావు?”

“చలి.”

“అయితే పోయి లోపల కూర్చో. ఇంజను వేస్తాను, నువ్వు హీటరు పూర్తిగా తిప్పు. ఇంజను వేడి కొంత అటు లాగుతుంది. నీ కాళ్ళకి వెచ్చగానూ ఉంటుంది. వేడి చూపించే ముల్లు కనిపెట్టుకుని ఉండు, నేనిక్కడ ట్యాంకు చూస్తుంటాను.”

“సరే.”

“ముల్లెక్కడుంది?”

“సగానికి.”

“ఇప్పుడు?”

“సగమే.”

“బుడగలొస్తున్నాయి. మట్టం దిగింది, ఇంకాస్త పోస్తున్నా. ఇప్పుడెక్కడుంది?... నెస్టా! ముల్లు!”

“స... సగానికే. సగం దాటలేదు.”

“పిలిస్తే పలకవేం?”

“ఊపిరి తీసుకుంటున్నాను.”

“మీ అత్తయ్య కూడా ఇంతే, ప్రాణం పోతున్నా ‘ఏం లేదు’ అనేది. ఇదిగో, పై గీత దగ్గర నిలబడింది. కదలట్లేదు. మేబెల్, నా బంగారుతల్లీ! మూత బిగించేశాను. పద, పోదాం.”

“మామయ్యా.”

“ఊఁ?”

“నా కాళ్ళ కింద తడిగా ఉంది.”

“ఎక్కడ?”

“కిందంతా. తివాచీ నానిపోయింది. గోరువెచ్చగా ఉంది.”

“కొంప మునిగింది! హీటరు పగిలింది. అది సరిగ్గా నీ కాళ్ళ ముందే ఉంటుంది. అది పగిలితే పోసిందంతా అక్కడే కారుతుంది. ఇంక మన దగ్గర చుక్క లేదు, నెస్టా. చుక్క లేదు! కొండ దిగేలోపే ఇంజను బిగుసుకుపోతుంది.”

“మామయ్యా...”

“వేలు ముంచి చూడు. జిగటగా ఉందా?”

“లేదు.”

“తియ్యటి వాసనేమైనా?”

“లేదు.”

“ఆకుపచ్చగా లేదూ?”

“రంగే లేదు.”

“అదెలా? కూలెంట్‌కి రంగుండాలే! ఉండు, ట్యాంకు చూస్తా. మూత తియ్యక్కర్లేదు, బయటికే కనిపిస్తుంది... అరె. చుక్క తగ్గలేదమ్మా. పై గీత మీదే ఉంది.”

“నాకు తెలుసు. వచ్చి ఎక్కండి.”

“ఎక్కడం కాదు, ఎక్కణ్ణించి కారుతోందో తేలాలి కదా! కారు ఎక్కడో కారుతుంటే చూడకుండా ఈ కొండ దిగితే...”

“కారుతున్నది కారు కాదు మామయ్యా. నేను.”