పద్మవల్లి సబ్బు పొడి

ఏవే శ్రీ, కంచం ముందు కూర్చుని ఆ ఫోను చూసుకుంటూ మొహం అలా పెట్టావేం. నువ్వు ఫోన్లో అమ్మే బట్టల గురించి ఎవరో ఏదో రాశారా. ఇటివ్వు, నా కళ్లజోడు ఏదీ... ఆఁ. "ఒక్క ఉతుకుకే కుర్తీ రంగంతా దిగిపోయింది, పక్కనున్న తెల్ల చీర కూడా పాడైంది." పాపం, ఎవరో గుడివాడ ఆవిడలా ఉంది. మరేం చేస్తావు. తీసేస్తావా. అంటే ఆవిడ రాసింది ఎవరికీ కనపడకుండా చేసేస్తావన్నమాట. నిన్న బెంజి సర్కిల్ దగ్గర హోటల్లో క్లాసుకెళ్లొచ్చావే, అక్కడ కోటేసుకుని పాఠం చెప్పినాయన, ఆ కోటాయన చెప్పాడా ఇది. ఏంటది, బ్రాండ్ ఇమేజా. ఉండు, నాకేం తెలీదనుకోకు. మీ అమ్మమ్మ కూడా వ్యాపారం చేసిందే. మీ అమ్మ చెప్పలేదూ. చెప్పి ఉండదులే, అప్పటికి అది చిన్నపిల్ల. ఆ పొడి వాసనకి తుమ్ముకుంటూ బయటికి పరిగెత్తేది. పెరుగేసుకో, వింటూ తిను.

మేం అప్పుడు వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. ఒకటే లోగిలి, ఐదు వాటాలు, మధ్యలో పంపు. మా పక్క వాటాలో నాగవల్లి అని ఉండేది. నాకంటే రెండేళ్లు పెద్ద. వల్లక్కా అనేదాన్ని. వాళ్లది కూచిపూడి, నాన్న బళ్లో మేష్టారు. ఆ ఊళ్లో పుట్టిన పిల్ల నలుగురి ముందుకి రావడానికి భయపడుతుందంటే ఎవరు నమ్ముతారు చెప్పు. ఈవిడకి అదే భయం. పక్కింటి తలుపు కొట్టి, లోపల్నుంచి "ఎవరూ" అంటే "ఎవరూ కాదండీ" అనేది. నిజంగానే, నేను చెవులారా విన్నాను. వాళ్లాయన వేదవ్యాస్ గారు ప్రెస్సులో కంపోజింగ్ పని చేసేవారు. ఎనభై రెండులో ఆ ప్రెస్సు మూసేశారు. ఆయన తిరిగి తిరిగి రావడం, వచ్చి గోడ వంక చూస్తూ కూర్చోవడం. ఒకరోజు పంపు దగ్గర బిందె పెట్టి నీళ్లు నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా, "పద్మా, నాకు సబ్బు పొడి చెయ్యడం వచ్చు, మా పిన్ని దగ్గర నేర్చుకున్నాను. కానీ అమ్మడం రాదు" అంది. నాకేమో నోరుంది, ఇంకేం రాదు. అలా కలిశాం. పేరు కూడా వేదవ్యాస్ గారే పెట్టారు, ఇద్దరి పేర్లూ కలిపి, పద్మవల్లి అని. కవరు మీద అక్షరాలు ఆయనే దిద్దారు. ఎంత అందంగా ఉండేవనుకున్నావు.

మొదట్లో పొడి కలపడం వల్లక్క, ఇంటింటికీ తిరిగి అమ్మడం నేను. నేనెలా అమ్మేదాన్నో తెలుసా. వీధరుగు ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టేదాన్ని, అమ్మా ఇలాంటి పొడి బెజవాడలోనే లేదు, ఒక్కసారి వాడితే మళ్లీ వదలరు, అని. నీ కోటాయన మాట్లాడినట్టే. ఎదుటివాళ్లకి నోరెత్తే సందిచ్చేదాన్ని కాదు. కొనేవాళ్లు, నన్ను వదిలించుకోడానికి. రెండోసారి వెళితే తలుపు తీసేవాళ్లు కాదు. అంతలో నాకు అమ్మవారు పోసింది. మూడు వారాలు వేపాకుల మీద పడుకున్నాను. ఇహ వల్లక్కే వెళ్లాలి. మొదటిరోజు సంచీ ఎలా పట్టుకెళ్లిందో అలాగే తీసుకొచ్చింది. రెండోరోజూ అంతే. మూడోరోజు మాత్రం ఖాళీ సంచీతో వచ్చి, కిటికీ దగ్గర నిలబడి నాకు చెప్పింది. ఎవరింటికో వెళ్లిందట, నోరు పెగల్లేదట. ఆ ఇల్లాలు ఏదో ఒకటి మాట్లాడాలి కదాని, "ఈ లాల్చీ మీద తాంబూలం మరక, ఎన్ని ఉతుకులైనా పోదు" అందట. ఈవిడ లాల్చీ చేతిలోకి తీసుకుని, వాళ్ల పంపు దగ్గరే గొంతుక్కూర్చుని నానబెట్టి ఉతికి, తీగ మీద ఆరేసింది. ఆరేదాకా కూర్చుంది కూడా. ఈలోగా ఇరుగూ పొరుగూ చేరారు. "నేనేం చెప్పలేదు పద్మా, వాళ్లే అడిగారు" అంది. అప్పటి ఆ మొహం నాకిప్పటికీ కనపడుతుంది. చెమట పట్టి, బొట్టు కాస్త చెదిరి, నవ్వుతూ.

అప్పట్నుంచీ అదే పద్ధతి. వెళ్లి, మీ ఇంట్లో వదలని మరక ఏదండీ అని అడిగేది. అంతే, ఆ ఒక్క మాటే. ఆటో నడిపే ఆయన ఖాకీ చొక్కాకి గ్రీజు, పసిపిల్లల బట్టలకి మామిడి రసం, ఒక్కో ఇంటిదీ ఒక్కో గొడవ. అవన్నీ గుర్తుపెట్టుకునేది. మళ్లీ వెళ్లినప్పుడు పొడి సంగతి కాదు, ఆ చొక్కా ఎలా ఉందండీ అని అడిగేది. నువ్వు నిన్న ఏదో అన్నావే, కస్టమర్ జర్నీయో ఏదో. మాకు ఆ పేర్లు తెలీవు. రెండేళ్లు తిరిగేసరికి పామర్రు, మొవ్వ, చల్లపల్లి దాకా వెళ్లేది మా పొడి. చల్లపల్లిలో దుర్గాప్రసాద్ గారని కిరాణా కొట్టాయన, ఆయనే అక్కడ అందరికీ పంచేవాడు. వల్లక్క ఇప్పుడు బస్సులో పక్కసీటు వాళ్లతో కూడా మాట్లాడేస్తోంది. నాకు ఒకపక్క సంతోషం, ఒకపక్క... ఏమో, కొంచెం కుళ్లు కూడా ఉండేదేమోనే. అందరూ వల్లిగారు రాలేదా అనే అడిగేవాళ్లు.

ఇప్పుడు చెప్పేది ఎవరికీ చెప్పలేదు. మీ తాతకీ చెప్పలేదు. ఒకసారి ఉగాది ముందు దుర్గాప్రసాద్ గారి దగ్గర్నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. వల్లక్క వాళ్ల అమ్మకి బాగాలేదని కూచిపూడి వెళ్లింది. పొడిలో స్లర్రీ అని కలుపుతారు, నల్లగా బెల్లప్పాకంలా ఉంటుంది, నురగొచ్చేది దానివల్లే. అది తక్కువపడింది. కొట్లో అడిగితే నాలుగు రోజులన్నాడు. నేను ఆగలేదు. ఆ తక్కువపడిందానికి బదులు బట్టల సోడా ఎక్కువ పోసేశాను. వల్లక్క లేకుండా కూడా నేను చెయ్యగలనని చూపించుకోవాలని. సోడా ఎక్కువైతే చేతులు తినేస్తుందని నాకు తెలీదా. తెలుసు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పది రోజుల తర్వాత దుర్గాప్రసాద్ గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఈసారి పొడితో ఆడవాళ్ల చేతులు పొక్కుతున్నాయి, హాస్టల్లో బట్టలుతికే శౌరమ్మకైతే అరచేతులు ఊడి వచ్చాయి, పనిలోకి రావట్లేదు, అని. అప్పటికి వల్లక్క తిరిగొచ్చేసింది, ఆ కార్డు రెండుసార్లు చదివింది. "పాళ్లేమైనా మారాయా పద్మా" అని అడిగింది. మెల్లిగానే అడిగింది. నేను బియ్యం ఏరుతున్నాను, తలెత్తలేదు. లేదక్కా, అదే పాళ్లు అన్నాను. సోడాలోనే ఏదో కల్తీ అయ్యుంటుందన్నాను. ఊరుకుందాం, ఊరు కాని ఊరు, నాలుగు రోజులకి మర్చిపోతారు అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. చల్లపల్లిలో పొడి కొన్న ఇళ్లన్నీ దుర్గాప్రసాద్ గారిని అడిగి రాయించుకుని, ఒక్కో ఇంటికీ వెళ్లిందట. ఎవరూ అంటే, "నాగవల్లినండి, ఆ పొడి నాదేనండి, తప్పు నాదే. మీ చేతులోసారి చూపించండి" అనేదట. తిట్టినవాళ్లు తిట్టారు. ఒకావిడ మొహం మీదే పాకెట్టు కుమ్మరించిందట. ఉన్న పొడి అంతా వెనక్కి తీసుకుని, శౌరమ్మ ఇంటికెళ్లి, "నీ చేతులు బాగయ్యేదాకా హాస్టల్ బట్టలు నేనుతుకుతాను, నీ పని పోనివ్వను" అందట. కూచిపూడిలో పుట్టింట్లో ఉంటూ రోజూ పొద్దున్నే చల్లపల్లి వెళ్లేది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, పదిహేను రోజులు. నేను ఆరోరోజు వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను, బస్సులో మాటలు కూడా కూర్చుకున్నాను. వెళ్లేసరికి హాస్టల్ వెనక బండ దగ్గర వల్లక్క కొంగు దోపుకుని దుప్పట్లు బాదుతోంది. ఆ శౌరమ్మ రెండు చేతులకీ కొబ్బరినూనె రాసుకుని, ఒళ్లో పెట్టుకు కూర్చుని, "అట్టా కాదమ్మా, అంచుకాడ రుద్దండి" అని చెబుతోంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. శౌరమ్మ చేతులు చూశాను. నేనూ చెప్పులు విప్పి, జాడించడానికి కూర్చున్నాను. సాయంత్రం దాకా జాడించి, ఆఖరి బస్సుకి వచ్చేశాను. చెప్పలేదు.

ఆ తర్వాత మా పొడి ఆ వైపు ఎంత పోయిందో నీకు చెప్పినా నమ్మవు. శౌరమ్మే అందరికీ చెప్పేది. ఆ కోటాయన్ని అడుగు, అలాంటి పబ్లిసిటీ ఎక్కడ దొరుకుతుందో. కానీ వల్లక్క పబ్లిసిటీ కోసం వెళ్లలేదే. అదీ నా బాధ. తిరిగొచ్చిన మర్నాడు త్రాసు తెచ్చి నా ముందు పెట్టింది. "ఇకనుంచి పాళ్లు నువ్వే చూడు పద్మా, నేను తిరిగే పని చూసుకుంటాను" అంది. అంతకుముందు ఊళ్లో ఉంటే ఆ త్రాసు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పదకొండేళ్లు నేనే తూచాను. ఒక్క గ్రాము తేడా రానివ్వలేదు. ఒక్కరోజు కూడా వెనక నిలబడి చూడలేదు తను.

తొంభై అయిదులో పోయింది. తలనొప్పని పడుకుంది, లేవలేదు. నేనప్పుడు మొవ్వలో ఉన్నాను, ఆ రోజు తన బదులు వెళ్లి పాకెట్లిచ్చి వస్తున్నాను. వచ్చేసరికి లోగిలి నిండా జనం. ఏ ఊరి నుంచి ఎవరొచ్చారో నాకే తెలీదు, అందరూ తన గురించి ఏదో ఒకటి చెబుతున్నారు. ఇంకో నెల చేశాను పొడి. తర్వాత చెయ్యలేకపోయాను. కంపెనీ పొడులొచ్చాయి, అందుకే ఆపేశావు అంటుంది మీ అమ్మ. అదేం కాదు. పొద్దున్నే తూచి, కట్టి, గుమ్మంలో పెట్టేదాన్ని. తీసుకెళ్లేవాళ్లు లేరు. ఇప్పటికీ ఏ ఇంట్లో తీగ మీద తెల్లబట్టలు ఆరేసి ఉన్నా, ఒక్క నిమిషం ఆగి చూస్తాను. అదో పిచ్చి.

ఆ త్రాసు సంగతే నాకు తెగదు శ్రీ. నా మీద అంత నమ్మకం ఉండి ఇచ్చిందా. లేక ఎవరు చేశారో ఆ కార్డు చదివినప్పుడే తెలిసి ఇచ్చిందా. పదకొండేళ్లు పక్క పక్కనే కూర్చుని తిన్నాం, అడగలేకపోయాను. ఇప్పుడడుగుదామంటే...

పెరుగు చాలా, ఇంకాస్త వెయ్యనా. చెయ్యి కడుక్కురా. వచ్చి, ఆ గుడివాడ ఆవిడ నంబరు ఉంటే చూడు.