ఖాళీ చేయమన్నదాన్ని పిలిచి పూలిచ్చారు

సభకి అధ్యక్షత వహిస్తున్న విశ్రాంత న్యాయమూర్తి గారికి, వేదిక మీది పెద్దలకి, పొద్దుట్నించీ కుర్చీలు మోసి మోసి చివరికి తమకే చోటు లేక గోడకి ఆనుకుని నిలబడ్డ మా మేడమీది పిల్లలకి, ‘ఇంకా కాలేదా అక్కా’ అనే మాట ఇవాళొక్కరోజుకి పక్కనపెట్టి వచ్చిన నా కొట్టు ఖాతాదార్లకి, ముందు వరుసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఇదెప్పుడు అయిపోతుందా అని చూస్తున్న మా అమ్మకి, అందరికీ నమస్కారాలు.

అధ్యక్షులు నాకు పది నిమిషాలిచ్చారు. జడ్జీలు ఒకసారి ఇంత అన్నాక మనం ఎంత మొత్తుకున్నా తగ్గదనీ పెరగదనీ నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. (నవ్వులు) చూడండి, అందరికంటే గట్టిగా వాళ్ళే నవ్వుతున్నారు.

ఇందాక మాట్లాడిన పెద్దాయన నన్ను క్షమకి మారుపేరు అన్నారు. ఆయనెవరో నాకు తెలీదు, నేనెవరో ఆయనకీ తెలీదు, అందుకే అంత మాట అనగలిగారు. నేనెవర్నీ క్షమించలేదండీ. ఈ మాట ముందే చెప్పేస్తే పూలగుత్తి వెనక్కి పుచ్చుకుంటారేమోనని చూస్తున్నాను. (ఆగి) పుచ్చుకోవడం లేదు. సరే, అయితే కొనసాగిస్తాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నాది కుట్టుకొట్టు. పైన ఒక గది ఉంది. ఒకరోజు ఒకమ్మాయి, ఒక పొడుగాటి అబ్బాయి వచ్చి గది అద్దెకి కావాలన్నారు. దేనికంటే, “సంఘానికక్కా, కూర్చుని మాట్లాడుకోవడానికి” అంది ఆ అమ్మాయి. ఆ మాట ఎంత గట్టిగా అందంటే నా చేతిలో సూది జారిపోయింది. అందుకే ఆమెని అందరూ మైకు అంటారని తర్వాత తెలిసింది. పొడుగోడికి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు, అదిగో, ట్యూబులైటుకి తల తగలకుండా వంగి నిలబడ్డాడు.

వాళ్ళు బుద్ధిమంతులు. మెట్లు ఊడ్చుకునేవాళ్ళు. ఒక్కటే నాకు విడ్డూరంగా ఉండేది. కొట్లోకి రావాలంటే తలుపు దగ్గర ఆగిపోయేవాళ్ళు. తలుపు తీసే ఉన్నా సరే, రమ్మంటే గానీ రారు, వెళ్ళమంటే గానీ వెళ్ళరు. ఈ రోజుల్లో ఇంత మర్యాదా అనుకుని మా ఆడబడుచు పిల్లలకి వీళ్ళని చూపించి నేర్చుకోమని కూడా చెప్పాను. ఆ మర్యాద ఎక్కడ నేర్పారో తెలిసింది ఒక మధ్యాహ్నం. పైన ఎవరో ప్రసంగం సాధన చేస్తున్నారు, కిటికీలోంచి మాటలు కిందికి దిగుతున్నాయి: “నాకప్పుడు పదిహేనేళ్ళు. నన్ను పెద్దవాళ్ళ కోర్టులో నిలబెట్టారు, పెద్దవాళ్ళ జైల్లో వేశారు...”

మెడలో టేపు మెడలోనే ఉంది, మెట్లెక్కి పైకి వెళ్ళాను. “మీరంతా జైలుకెళ్ళొచ్చినవాళ్ళా?” అన్నాను. “అవునక్కా” అంది మైకు. పిల్లలు నేరం చేస్తే పిల్లల కోర్టులోనే విచారించాలి గానీ పెద్దలతో కట్టగట్టి విచారించకూడదని చట్టం మార్పించడానికి తిరుగుతున్నామని చెప్పింది. అప్పుడన్నాను: “మీలాంటివాడే ఒకడు, పదహారేళ్ళవాడు, పట్టపగలు బస్టాపులో ఫోను వదల్లేదని మా తమ్ముణ్ణి పొడిచి చంపాడు. వాణ్ణి పెద్దల కోర్టుకి పంపమని జడ్జి ముందు చేతులు జోడించిన మనిషిని నేను. పెద్దవాడి పని చేశాడు, పెద్దవాడి శిక్ష వెయ్యండి అన్నాను. వేశారు. మీరు నా గది ఖాళీ చెయ్యండి.”

వాళ్ళు వాదిస్తారని ఎన్ని మాటలు కూడబెట్టుకుని ఎక్కానో! మైకు తలొంచుకుని, “ఎప్పట్లోగా చెయ్యమంటారక్కా?” అంది. అంతే. నా కోపం అంతా నోట్లోనే ఉండిపోయింది. మింగనూ లేను, కక్కనూ లేను.

వాళ్ళు పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే నేను కావలివాడిలా గుమ్మంలో నిలబడ్డాను. పొడుగోడు ఒక పెట్టె మీద తాడు కడుతూ, తలెత్తకుండా అడిగాడు: “మీ తమ్ముడు ఎలా ఉండేవాడక్కా?”

(ఆగి) ఒక్క నిమిషం.

పోలీసులు అడిగారు, వకీళ్ళు అడిగారు, పేపరువాళ్ళు అడిగారు. వాడెలా పోయాడని అడిగారు. ఎలా ఉండేవాడని ఎవరూ అడగలేదు. చెప్పాను. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబట్టేవాడని, ఎవరైనా విషాదంగా ఏదైనా చెబుతుంటే ఆపుకోలేక నవ్వు వచ్చేసేదని, మా పెదనాన్న పోయినప్పుడు కూడా నవ్వొచ్చి పెరట్లోకి పరిగెత్తాడని, ఈలెయ్యడం రాదని, అయినా వేస్తూనే ఉండేవాడని. చెబుతూ చెబుతూ ఆ పెట్టె మీదే కూలబడ్డాను. లేచేటప్పుడు, “సరే, దొరికిందాకా ఉండండి” అన్నాను. ఎందుకన్నానో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. వాళ్ళు మాత్రం ఎంచక్కా ఉండిపోయారు. (నవ్వులు)

కొన్నాళ్ళకి పొడుగోడు పాత ప్యాంటు ఒకటి కొనుక్కుని నడుం బిగించమని తెచ్చాడు. తొడుక్కుని రమ్మన్నాను. టేపు చుడుతుంటే కుడిచెయ్యి పిడికిలి బిగించి నడుం దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. “చెయ్యి తియ్యరా నాయనా, ఊడిపోదులే” అన్నాను. నవ్వి, “అలవాటక్కా. లోపల పదిహేనేళ్ళవాడి కొలతకి బట్టలుండవు. పెద్దవాళ్ళవే ఇస్తారు, బెల్టు ఇవ్వరు. కోర్టులో కూడా ఇలాగే నిలబడితే, చెయ్యి దించి సరిగ్గా నిలబడమని ఒకటే కేకలు. దించితే నా పరువేం కాను?” అన్నాడు.

వాడు నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం టేపు మీద అంకెలు కనబడ్డం మానేశాయి. ఎందుకంటే ఆ కుర్రాడు, మా తమ్ముణ్ణి చంపినవాడు, బోనులో అచ్చం అలాగే నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. “చూశావా అమ్మా, చేసింది చేసి ఎంత పొగరుగా నిలబడ్డాడో” అని నేనే మా అమ్మ చెవిలో అన్నాను. ఆ పొగరు తలుచుకునే నాకు చాలా రోజులు అన్నం సయించింది. వాడికి ఉన్నది పొగరో, వదులు బట్టలో నాకిప్పటికీ తెలీదు. రెండూ అయ్యుండొచ్చు. తప్పు చేశానని ఒప్పుకోవడానికి చెప్పడం లేదండీ. నేను చూసిందేమిటో నాకు తెలియడం లేదని చెబుతున్నాను. రెండూ వేరు.

ఈ పిల్లలు ఎలా కష్టపడ్డారో మీకు తెలీదు. శాసనసభ సభ్యుల ఇళ్ళ ముందు పొద్దున్నే నిలబడేవాళ్ళు. కోర్టు వరండాల్లో దిక్కుతోచని తల్లిదండ్రుల పక్కన కూర్చుని, ఇప్పుడేం జరుగుతుందో, తర్వాతేం జరుగుతుందో వివరించేవాళ్ళు. సాయంత్రాలు నా గదిలో సాధన. ఒకరు సభ్యుడు, ఒకరు విలేకరి, అడ్డమైన ప్రశ్నలూ వేసుకునేవాళ్ళు. ఒకరోజు మైకు కిందికొచ్చి, “చచ్చిపోయినవాళ్ళ తరఫున మీరు అడగాలక్కా. మీరడిగినట్టు మేం అడగలేం” అంది.

వెళ్ళాను. అడిగాను. “మీ చేతుల్లో పోయినవాళ్ళు మీకు ఎప్పుడైనా గుర్తొస్తారా?” అన్నాను.

చివరికి పొడుగోడే, “గుర్తు రావడం కాదక్కా, మేం తలుచుకోకపోయినా వచ్చి కూర్చుంటాడు” అన్నాడు. ఆ రోజుకి సాధన ఆగిపోయింది. నేను కిందికొచ్చి ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను. ఆ జాకెట్టావిడ కూడా ఇక్కడే ఉన్నారు, ఇప్పటికి కారణం తెలిసింది కదండీ! (నవ్వులు)

తర్వాత శాసనసభ కమిటీ ప్రజాభిప్రాయం వింటామంది. వీళ్ళు రమ్మన్నారు. ఇలాంటి చావుల్లో ఇంటి మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలవాళ్ళు కూడా, చట్టం మారకూడదని చెప్పడానికి, నన్నే రమ్మన్నారు. ఆ కుటుంబాలంటే నాకు పరాయివాళ్ళు కాదు, నా ఏడుపూ వాళ్ళ ఏడుపూ ఒకటే. ఇద్దరికీ వస్తానన్నాను. హాల్లో సమర్థించేవాళ్ళు ఇటు, వ్యతిరేకించేవాళ్ళు అటు. ఇటు వీళ్ళు చెయ్యూపుతున్నారు, అటు వాళ్ళు చెయ్యూపుతున్నారు. బంట్రోతు వచ్చి, “ఎటో ఒకటి కూర్చోండమ్మా, దారికి అడ్డం” అన్నాడు.

నా వంతు వచ్చింది. ఏం చెప్పాలనుకున్నానో అదేదీ రాలేదు. “వాణ్ణి పెద్దవాడని తేల్చిన రోజు నాకేదో దక్కిందనుకుని ఇంటికెళ్ళానండీ. ఇంట్లో చూసుకుంటే ఏమీ లేదు. మీరు పిల్లవాడని తేల్చినా మా తమ్ముడు తిరిగి రాడు. మరి నేను దేనికోసం కొట్లాడానో, మీరెవరైనా చెప్పగలరా?” అన్నాను. కమిటీ ఛైర్మన్ గారు విసుక్కోకుండానే అడిగారు, ఆయన మంచాయనే. “అమ్మా, సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా? ఒక్క మాటలో చెప్పండి.”

“ఒక్క మాటలో వచ్చేదైతే పోస్టుకార్డు ముక్క మీద రాసి పంపేదాన్ని కదండీ, కొట్టు మూసుకుని ఇంత దూరం ఎందుకొస్తాను?” అన్నాను.

(నవ్వులు, చప్పట్లు)

వద్దు, చప్పట్లు కొట్టకండి. అక్కడా ఇలాగే కొట్టారు. మర్నాడు పేపర్లో ‘హతుడి సోదరి మద్దతు’ అని వేశారు. నేనెప్పుడు మద్దతిచ్చానో నాకే తెలీదు. అటువైపు కూర్చున్న ఒక తల్లి, కొడుకు పోయిన తల్లి, వీధిలో ఎదురుపడి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఏమైనా తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మ కూడా చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట పెట్టేది కాదు.

చట్టం మారింది. మీరంతా గంతులేశారు. నా కొట్టు పైకప్పు సున్నం రాలి ఒక తెల్లచొక్కా మీద పడింది, తెల్లది కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు పెద్ద ఆఫీసు దొరికి వెళ్ళిపోతున్నారు. సంతోషం. అనాలి కాబట్టి అనడం లేదు, నిజంగానే సంతోషం. కానీ మొన్న పైకెళ్ళి ఖాళీ గది చూసి, ఎవరికి అద్దెకిద్దామా అని కాసేపు ఆలోచించి, తాళం వెయ్యకుండానే దిగొచ్చేశాను.

ఇంకో సంగతి ఉంది. సన్మాన సభలో చెప్పొచ్చో లేదో, అధ్యక్షులు ఆపితే ఆగిపోతాను. (ఆగి) ఆపడం లేదు.

కొత్త చట్టం పాత కేసులకీ వర్తిస్తుందట. ఆ కుర్రాడి కేసు మళ్ళీ విచారణకొచ్చింది. వచ్చేవారం నన్ను కోర్టుకి రమ్మన్నారు, మీకు అభ్యంతరం ఉందా అని అడుగుతారట. వాడి తరఫున అక్కడ ఉండబోయేది ఎవరనుకున్నారు? ఈ పూలగుత్తి కట్టించిన మన మైకే. వారం రోజులుగా ఈ పిల్ల నా కళ్ళలోకి చూడ్డం లేదు. ఇందాక పూలిస్తూ కూడా పూలనే చూసింది. తలెత్తవే! నువ్వు నీ పని చేస్తున్నావు. నా పనేమిటో తెలిస్తే నేనూ చేసేదాన్ని.

అభ్యంతరం ఉందంటే, ఇన్నాళ్ళూ నా తల మీద మీరు చేసిన సాధనంతా నాకేం ఎక్కినట్టు? లేదంటే, ఈలెయ్యడం రాని మా తమ్ముడి ఫోటో కింద నేనెలా తిరగను? పగలు ఒక జవాబు తేలుతుంది, పొయ్యి మీద పాలు పొంగేలోపు ఇంకోటవుతుంది. పెద్దలున్నారు కదా, ఎవరైనా చెబుతారేమోనని ఇందాకట్నుంచీ ప్రసంగాలన్నీ చెవులు రిక్కించి విన్నాను. అందరూ నేను గొప్పదాన్నని చెప్పారు గానీ, ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు.

ఇవాళ బయల్దేరేటప్పుడు మా అమ్మ చెప్పులేసుకుంటూ ఉన్నట్టుండి, “ఆ పిల్లాడికి తల్లి ఉందా?” అంది. ఇన్నేళ్ళలో వాడి మాట అమ్మ నోట రావడం ఇదే మొదలు. వెధవ అనలేదు, హంతకుడు అనలేదు, పిల్లాడంది. నాకు తెలీదన్నాను. “కోర్టులో అంత సేపు కూర్చున్నావు, అది కూడా తెలుసుకోలేదా? కనుక్కో” అంది.

మైకూ, ఉందా తల్లి?

(వెనకనుంచి సమాధానం.)

లేదట. నాయనమ్మ పెంచిందట. ఆవిడకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదట. చూడ్డానికి జైలుకి వెళ్ళినా, ఎదురుగా వచ్చి నిలబడింది తన మనవడో కాదో చేత్తో తడిమి చూసుకుంటుందట.

అమ్మా, విన్నావా?

(ఆగి) మా అమ్మ సంచిలో కళ్ళజోడు వెతుక్కుంటోంది. ఇలాంటప్పుడు ఏదో ఒకటి వెతుక్కుంటుంది. అమ్మ ఏమనుకుంటోందో నాకు తెలీదండీ. ఇంటికెళ్ళాక కూడా చెబుతుందో లేదో. వచ్చేవారం మాత్రం కోర్టుకి నాతో వస్తానని తలూపుతోంది, అదిగో.

అధ్యక్షులకి, నాకు తెలియని మంచి గుణాలన్నీ నాలో చూసిన వక్తలకి, పూలకి, హాలు వాళ్ళకి, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. పిల్లలూ, మీకు మంచి జరగాలి. వచ్చేవారం ఆ వరండాలో మీరొక పక్కన, మేమొక పక్కన ఉంటాం. నేను ఏ జవాబుతో లోపలికెళ్ళినా, ఏ జవాబుతో బయటికొచ్చినా, ఎదురుపడితే మొహం తిప్పుకోకండి. ‘అక్కా’ అని ఒక్క కేక వెయ్యండి, పలుకుతాను. పలకలేకపోతే రెండోసారి వెయ్యండి.

ఇక నాకు మాటలు లేవు. సెలవు ఇప్పించండి.