అట్టడబ్బ మీద హైదరాబాద్

పోలేదు గదా భోజన్నా, బతికిచ్చినవ్. నన్ను ఏర్‌పోర్ట్ కాడ దింపి మన రూం దిక్కు అల్ ఖర్జ్ తొవ్వ వట్టినవో ఏమో అని ఉరుక్కుంట వచ్చిన. వెనక తలుపు తియ్యి. ఈ డబ్బ మల్ల బండ్లె ఏసుకోవాలె. అట్ల చూడకు, నేను పొయ్యేటోన్నే. డబ్బనే పోతలేదు.

ఏమయిందా? విమానమా అది? మా కోరుట్ల ఆటో నయం. ఆటో ఆయన మేకపిల్లను సుత ఎక్కించుకుంటడు. ఈ యూరప్ విమానం టికెట్ అగ్గువ అన్నడు ఏజెంటు. అగ్గువనే. మనిషికే టికెట్, సంచికి లేదు. కౌంటర్ పక్కన ఒక ఇనుప చట్రం నిలబెట్టిన్రు, కోళ్ల గంపంత సుత లేదు. దాంట్ల పట్టిందే తేవాలెనట. నీళ్లు కొనుక్కోవాలె, కిటికీ కాడ కూసోవాలన్నా కొనుక్కోవాలె. ఫోన్ల ముందుగాల్నే చెకిన్ జేసుకోలేదని దానికో దండుగ. మరి ఈ డబ్బకు ఎంత అని అడిగితే టికెట్ కంటె ఎక్కువ చెప్పింది కౌంటర్ పిల్ల.

ఆ, యూరప్ విమానమేందని అడుగుతున్నవ్. అడుగుతవని తెల్సు.

నేను ఇంటికి పోతలేనన్నా. రొమేనియా పోతున్న.

జెర ఇను. మన కంపెనీ సంగతి నీకు ఎర్కనే. సౌదీ పిల్లగాండ్లను పెట్టుకోలేదని సర్కారు దాన్ని రెడ్ లిస్టుల వెట్టె. కఫీల్ సేఠ్ మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ కట్టనన్నడు. ఇక్కడుండే నా ఇఖామా కార్డు ఆగిపాయె, ఇగ దేశం ఇడ్వుమని ఎగ్జిట్ కొట్టి పాస్‌పోర్ట్ చేతుల వెట్టిండు. నీకు తెల్వనిది ఒక్కటే. ఎగ్జిట్ కన్న ముందే నేను రియాద్‌ల ఏజెంటును పట్టుకున్న. రొమేనియాల టైల్స్ పని, వీసా సుత పడ్డది. రూంల ఎవ్వలకు చెప్పలే. ఎట్ల చెప్పాలె? హన్మాండ్లు పోలండ్ వీసా వచ్చిందని రూమంత మిఠాయి పంచిండు, అది క్యాన్సిల్ అయినంక మనమేం జేసినం? పోలండ్ హన్మాండ్లు అనే పిలిస్తిమి. నేను సుత పిలిచిన. అందుకే నోరు మూసుకున్న. విమానం లేచినంక చెప్దాం అనుకున్న.

గంతల మీరు డబ్బ తెస్తిరి.

ఎవలకు ఎగ్జిట్ పడ్డా రూమంత కూడి డబ్బ కట్టుడు మన రివాజాయె. మనిషికో పార్సిల్. బుచ్చన్న కంబలి వెట్టిండు. నువ్వు మీ అమ్మ గౌరవ్వకు మోకాళ్ల నూనె సీసలు వెట్టినవ్, పలుగుతయని నీ లుంగీల సుట్టి మరీ వెట్టినవ్. తాడు గుంజి గుంజి కట్టిన్రు. మార్కర్ పట్టుకొని నా పేరు, మా ఊరు, హైదరాబాద్ అని నాల్గు దిక్కుల ఇంతింత అక్షరాలు రాసింది ఎవలు? హన్మాండ్లే. నేను తాడు కొస పట్టుకొని నిలబడ్డ. అప్పుడు వద్దని ఎట్ల అనాలె? మనం ఎప్పుడు పొయ్యే విమానాల లెక్కనే ఇదీ డబ్బ తీస్కుంటది, అక్కడికి వోయినంక అందరివి కొరియర్ జేద్దాం అనుకున్న. విమానమంటే డబ్బ తీస్కోకుండ ఉంటదని నాకేం తెల్సు?

నవ్వుతున్నవా? నవ్వు. నవ్వినా మంచిగనే ఉన్నది.

కౌంటర్ల కూసున్నది సౌదీ పిల్ల. గా కొత్త కానూన్‌తోని వచ్చిన నౌకరే గావచ్చు. పాపం, మర్యాదగనే మాట్లాడింది. డబ్బ మీద రాసింది చదివి, అంకుల్, ఇది హైదరాబాద్ పోదు, తప్పు లైన్ల నిలబడ్డరు అన్నది. ఇటు రొమేనియా వీసా చూసింది, అటు డబ్బ చూసింది. నా ఎనుక లైన్ల ఉన్నోళ్లు సుత చూసిన్రు. ఏమని చెప్పాలన్నా ఆ పిల్లకు? నాకు వచ్చిన అరబ్బి సిమెంటు, ఇసుక కాడికే.

ఇగ అక్కడ్నే కింద కూసొని తాడు కోసిన. చూడు, ప్యాంటు మీద ప్యాంటు తొడిగిన. ఈ ఎండల స్వెటర్ ఏసుకున్న. మిగిలిన నా బట్టలు ఈ సంచిల కుక్కిన. పుష్పకు కొన్న అత్తరు డబ్బల్నే వెట్టిన, అది రొమేనియాల ఎవలకు?

పుష్పకు తెల్సా అంటవా?

తెల్వదు. ఎగ్జిట్ పడ్డదనంగనే ఇంటికి సున్నం ఏయించింది అన్నా. ఇగ ఎటు పోకు, ఉన్నదాంట్లనే తిందాం అన్నది. ఊర్ల నాకు ఏం పని ఉన్నది చెప్పు? నిజం చెప్తే ఏడుస్తది. ఆమె ఏడుపు ఇంటే నేను విమానం ఎక్కలేను. నా సంగతి నాకు తెల్వదా? అందుకే ఫోన్ జేసినప్పుడల్లా ఆ, వస్తున్న, వస్తున్న అన్న. రేపు పొద్దుగాల తమ్ముణ్ని ఎంటవెట్టుకొని శంషాబాద్‌కు వస్తదట. పొద్దటి సంది నా ఫోన్ బందు వెట్టిన.

అట్ల తలకాయ ఊపకన్నా. నాకూ సిగ్గుగనే ఉన్నది. అయినా పోతున్న.

డబ్బను హన్మాండ్లుతోని పంపు. ఆయన లీవుకు పోతడు గదా. మీ అమ్మ నూనె సీసలు అడుగున భద్రంగ ఉన్నయి, మీదికెళ్లి ఏం ఏయకుండ్రి. నా పేరు కొట్టేసి ఆయన పేరు రాయుండ్రి. హైదరాబాద్ మాత్రం కొట్టెయ్యకుండ్రి, అది మంచిగ రాసిండు.

ఎవలది, నీ ఫోనేనా? ఎవలు?

పుష్పనా.

నాది కలుస్తలేదని నీకు జేస్తున్నది. ఎత్తకు. అన్నా, నీకు దండం వెడ్త, ఇప్పుడే ఎత్తకు. నేను ఆ అద్దాల తలుపు దాటినంక ఎత్తు. ముందుగాల శంషాబాద్‌కు రావద్దని చెప్పు, తర్వాత ఎటు పోయిండో చెప్పు. నాకు నోరు రాలే, నీ నోటితోని చెప్పిస్తున్న. పాపం నీదేం లేదు ఇందుల.

తిడుతది. తిట్టనియ్యి. ఎక్కేముందు నీకు ఫోన్ జేస్త, ఒక్కటి సుత ఇడ్వకుండ నాకు చెప్పు. తిట్లను ఆ ఇనుప చట్రంల వెట్టి చూడరు గదా, ఎన్నయినా తీస్కపోవచ్చు.